గేమింగ్ గ్యాంగ్‌లో చేరాలనుకుంటున్న లినక్స్ తమ్ముడికి

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉండేది గుంటూరు బ్రాడీపేట. నాలుగైదేళ్ళుగా ఫెడోరా (విండోస్ బదులు వాడే లినక్స్‌లో ఒక రకం) తప్ప ఇంకోటి ముట్టుకోలేదు, చిన్న చిన్న ప్రాజెక్టులకు ప్యాచ్‌లు (కోడ్‌లో సవరణలు) కూడా పంపాడు. విజయవాడ పటమటలో ఉండే పెద్దమ్మగారి అబ్బాయికి ఒక గేమింగ్ గ్యాంగ్ ఉంది. రాత్రి పది దాటాక వాలొరాంట్, సీఎస్ 2, బీజీఎంఐ. నెలకో ఆదివారం ఎవరో ఒకరింటికి సిస్టమ్‌లు మోసుకొచ్చి కలిసి ఆడతారు. "అన్నా, వాళ్ళలో కలవాలంటే విండోస్ వేసుకోక తప్పదా? కలిశాక వాళ్ళని ఓపెన్ సోర్స్ వైపు తీసుకురావడానికి దారేమైనా ఉందా?"

తమ్ముడూ, వాలొరాంట్ కావాలంటే విండోస్ తప్పదు. మిగతా చాలావాటికి నీ ఫెడోరా చాలు. రెండో ప్రశ్నకి, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ వైపు వాళ్ళని తేవడానికి కూడా దారి ఉంది, కాకపోతే అది మాటలతో మొదలవదు. గ్యాంగ్‌ని ఎప్పుడూ ఇబ్బంది పెట్టే పని ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని నువ్వు నెత్తిన వేసుకుంటే నీ సాఫ్ట్‌వేర్ నీ వెనకాలే వస్తుంది. బెజవాడలో ఇలాంటి గ్యాంగ్‌కి చాలాకాలంగా సర్వర్లు చూసుకుంటున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు వాలొరాంట్ సంగతి తేల్చేద్దాం, లినక్స్ వాడేవాళ్ళు ఎక్కువ టైం పోగొట్టుకునేది దీనిమీదే. ఆ ఆటతో వచ్చే వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ (ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రామ్) విండోస్ కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో, డ్రైవర్‌గా కూర్చుంటుంది, సిస్టమ్ ఆన్ అవుతున్నప్పుడే లోడ్ అవుతుంది. విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే వైన్ అయినా ప్రోటాన్ అయినా చేసేదేంటి? ఆట విండోస్‌ని అడిగే పనులను లినక్స్ చేత చేయించడం. అక్కడ విండోస్ కెర్నెల్ అనేదే ఉండదు. ఇక ఆ డ్రైవర్ ఎక్కడ కూర్చుంటుంది? అందుకే ఎన్ని చిట్కాల వీడియోలు చూసినా లాభం లేదు. వర్చువల్ మెషీన్‌లో (లినక్స్ లోపలే నడిచే నకిలీ కంప్యూటర్‌లో) విండోస్ పెట్టి చూద్దామన్న ఆలోచన కూడా వద్దు, అకౌంట్‌కే ఎసరు రావచ్చు.

ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ అనే మరో రెండు యాంటీ చీట్‌ల కథ వేరు. ఈ రెండూ 2021లోనే ప్రోటాన్‌కి వీలు కల్పించాయి, కానీ ఆ వీలు వాడుకోవాలా వద్దా అన్నది ఆట తయారుచేసే కంపెనీ ఇష్టం. ఎపెక్స్ లెజెండ్స్ కొన్నాళ్ళు లినక్స్‌లో హాయిగా నడిచి, 2024 అక్టోబరు ఆఖరున ఆగిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో బ్యాటిల్‌ఐ పెట్టేసరికి జీటీఏ ఆన్‌లైన్ కూడా పోయింది. కాబట్టి "నా దాంట్లో ఆడుతుంది" అని గ్యాంగ్‌కి మాటిచ్చేముందు ఏ ఆట లినక్స్‌లో ఎలా నడుస్తోందో ఆడేవాళ్ళే రాసే ప్రోటాన్‌డీబీ సైటులో ఆ వారం జనం ఏం రాశారో చూసుకో. మ్యాచ్ టైంకి నీవల్ల నలుగురు ఆగిపోతే వాళ్ళ చిరాకు నీ ఒక్కడి మీదే ఉండదు, లినక్స్ మీదకి పోతుంది.

సీఎస్ 2, డోటా 2లకు లినక్స్ వెర్షన్ వాటిని తయారుచేసే వాల్వ్ కంపెనీయే ఇస్తుంది. మనకి చెన్నై, ముంబై సర్వర్లు దగ్గరే కాబట్టి పింగ్‌కి (సర్వర్ జవాబిచ్చే వేగానికి) ఢోకా లేదు. అయితే మీవాళ్ళు సీఎస్ 2ని ఫేసిట్ అనే విడి మ్యాచ్‌ల వేదికలో ఆడుతున్నారేమో అడుగు. దాని యాంటీ చీట్ విండోస్‌కి మాత్రమే. బీజీఎంఐ ఎలాగూ ఫోన్ ఆట. నీలాంటి వాళ్ళ ఫోన్లు ఎక్కువగా రూట్ చేసి (కంపెనీ వేసిన తాళాలు తీసి) ఉంటాయి, కస్టమ్ రామ్ (కంపెనీది కాని సాఫ్ట్‌వేర్) ఉంటుంది. ఆ ఫోన్‌తో వెళ్ళకు. ఎమ్యులేటర్‌లో (పీసీలో ఫోన్‌ని అనుకరించే ప్రోగ్రామ్‌లో) కూడా వద్దు, ఆ ఆట నియమాలు ఒప్పుకోవు. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అలాగే ఉన్న ఒక మామూలు ఫోన్ దీనికోసం పక్కన పెట్టుకో.

ఒక్కడివే ఆడుకునేవి, ఇద్దరు ముగ్గురు కలిసి ఆడే కో-ఆప్ ఆటలు, వీటి గురించి నాకు బెంగ లేదు. 2018 ఆగస్టులో వాల్వ్ ప్రోటాన్ తెచ్చాక, 2022లో లినక్స్ మీద నడిచే వాళ్ళ గేమింగ్ పరికరం స్టీమ్ డెక్ వచ్చాక పరిస్థితి పూర్తిగా మారిపోయింది. వాల్వ్ ఆటలు అమ్మే స్టీమ్ యాప్ సెట్టింగ్స్‌లో కంపాటిబిలిటీకి వెళ్ళి అన్ని ఆటలకీ ప్రోటాన్ ఆన్ చేస్తే చాలు.

ఇప్పుడు డ్యుయల్ బూట్, అంటే ఒకే సిస్టమ్‌లో ఫెడోరా, విండోస్ రెండూ. వీలైతే విండోస్‌కి వేరే ఎస్ఎస్‌డీ కొను. చిన్నదైనా ఫర్వాలేదు, ఒకే డిస్క్‌ని ముక్కలు చేయడం కన్నా ప్రశాంతంగా ఉంటుంది. విండోస్ 11లో వాన్‌గార్డ్‌కి టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే సెట్టింగ్) రెండూ ఆన్‌లో ఉండాలి. ఫెడోరా సెక్యూర్ బూట్‌తో బాగానే నడుస్తుంది, చిక్కంతా ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డ్ డ్రైవర్‌తోనే. ఆ డ్రైవర్‌కి నీ సొంత డిజిటల్ కీతో సంతకం చేయించి, ఆ కీని మదర్‌బోర్డుకి పరిచయం చేయాలి. ఆ పని మొదలుపెట్టి రీస్టార్ట్ చేసినప్పుడు ఒక నీలం స్క్రీన్ వస్తుంది. కొద్ది సెకన్లే ఉంటుంది. ఆలోపు కీబోర్డులో ఏదో ఒక బటన్ నొక్కి, ఆ సంతకం కీ చేర్చమని ఎంచుకుని, ముందు పెట్టుకున్న పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది ఆ టైంలో టీ తాగడానికి లేస్తారు. వచ్చి చూసేసరికి ఫెడోరా మామూలుగా తెరుచుకుని ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డ్ మాత్రం పనిచేయదు, ఎందుకో అర్థం కాదు.

ఇంకోటి గడియారం. ఫెడోరా మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైం పెడుతుంది. విండోస్ దాన్నే మన టైం అనుకుంటుంది. రాత్రి పదింటికి అందరూ నీకోసం చూస్తుంటే నీ విండోస్‌లో సాయంత్రం నాలుగున్నర చూపిస్తుంది. లాగిన్ మొరాయిస్తుంది, బ్రౌజర్ సర్టిఫికెట్ తప్పంటుంది, నువ్వేమో నెట్ మీద అనుమానపడి రౌటర్ ఆపి ఆన్ చేస్తుంటావు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మదర్‌బోర్డు టైంని యూటీసీగా చదవమని ఒక్కసారి చెప్తే ఆ గొడవ పోతుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అవడానికి సిస్టమ్‌ని పూర్తిగా ఆపకుండా ఉంచే సెట్టింగ్) కూడా తీసెయ్, లేకపోతే ఆ డ్రైవ్ ఫెడోరాలో చదవడానికే తప్ప రాయడానికి రాదు. విండోస్ డ్రైవ్‌లో ఉన్న ఆటల ఫోల్డర్‌నే ప్రోటాన్‌కి కూడా వాడుకుందామని చూడకు. ప్రోటాన్ సృష్టించే కొన్ని ఫైళ్ళ పేర్లు విండోస్ డ్రైవ్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్ఎస్‌కి పడవు. ఆటలు ఒక్కొక్కసారి తెరుచుకుంటాయి, ఒక్కొక్కసారి తెరుచుకోవు. లినక్స్ ఆటలకు విడిగా చోటు కేటాయించు.

సరే, సిస్టమ్ సిద్ధం. గ్యాంగ్‌లోకి వెళ్ళాక మొదటి నెలా రెండు నెలలు ఆడు, అంతే. చెప్పిన టైంకి రా. మ్యాప్ నేర్చుకో. శత్రువు ఎక్కడున్నాడో నాలుగు ముక్కల్లో తెలుగులో చెప్పడం అలవాటు చేసుకో. ఎవడి సిస్టమ్ అయినా హ్యాంగ్ అయితే "లినక్స్ వేసుకో" అన్న మాట నోటి వెంట రానివ్వకు. వాడికి ఆ క్షణంలో కావాల్సింది మళ్ళీ మ్యాచ్‌లోకి రావడం. వాడి విండోస్‌లోనే ఆ ప్రాబ్లం సాల్వ్ చేసి పెట్టు. మెమొరీ చదివే టూల్స్, కీ మ్యాపింగ్ స్క్రిప్టులు లాంటివి అందరితో ఆడే అకౌంట్ ఉన్న సిస్టమ్‌లో సరదాకి కూడా నడపకు. నీకు అది కుతూహలమే కావచ్చు, యాంటీ చీట్‌కి, పక్కవాడికి అది మోసంలాగే కనబడుతుంది.

నువ్వు చేయగలిగిన మొదటి మేలు ఏంటో తెలుసా? మైక్. మే నెలలో బెజవాడలో ఫ్యాన్ ఆపుకుని ఆడేవాడెవడు? సీలింగ్ ఫ్యాన్ ఫుల్లు స్పీడు, పక్క గదిలో మిక్సీ, కింద రోడ్డు మీద ఆటో. వాయిస్ చాట్‌లో ఎనిమిది ఇళ్ళ ఫ్యాన్లు ఒకేసారి వినిపిస్తాయి, అడుగుల చప్పుడు మాత్రం వినబడదు. ఆర్ఎన్‌నాయిస్ అని ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది. మనిషి గొంతుని, మిగతా రొదని వేరు చేయడానికి న్యూరల్ నెట్‌వర్క్‌కి శిక్షణ ఇచ్చి తయారుచేశారు, మామూలు ప్రాసెసర్ మీదే నడుస్తుంది. నీ ఫెడోరాలో ఈజీఎఫెక్ట్స్ అనే ఆడియో ప్రోగ్రామ్‌తో పెట్టుకోవచ్చు. మ్యాచ్‌లు స్ట్రీమ్ చేసేవాళ్ళు వాడే ఓబీఎస్ ప్రోగ్రామ్‌లో కూడా నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ కింద ఇదే ఉంటుంది, ఆన్ చేయడమే తరువాయి. ఎవడి ఫ్యాన్ ఆగిపోయినట్టు వినిపిస్తుందో వాడే "ఏం చేశావురా" అని అడుగుతాడు. అప్పుడు చెప్పు. వాయిస్ చాట్ యాప్ డిస్కార్డ్‌లో వాళ్ళ గొంతుని మోసుకెళ్ళే ఓపస్ కోడెక్ (శబ్దాన్ని కుదించే పద్ధతి) కూడా ఓపెన్ సోర్సేనని, 2012 నుంచి అది అందరికీ ఉచితంగా దొరికే ప్రమాణమని కూడా అప్పుడే చెప్పు. వాళ్ళు కొత్తగా మారాల్సింది తక్కువే, ఇప్పటికే చాలా వాడుతున్నారు.

రెండోది నెలవారీ ఆదివారం. ఇక్కడే నీకు అసలైన పని దొరుకుతుంది. ఎనిమిది పీసీలంటే ఒక్కోటి నాలుగొందల వాట్లు లెక్కేసుకున్నా మూడు వేలు దాటిపోతుంది. పైన ఏసీ. అన్నీ ఒకే గది ప్లగ్గులకు ఎక్స్‌టెన్షన్ బాక్సులతో తగిలిస్తే ఎంసీబీ పడిపోవడం ఖాయం, అందుకని రెండు మూడు గదుల నుంచి లైన్ లాగించు. వైఫై మీద ఆధారపడకుండా ఒక గిగాబిట్ స్విచ్ (పీసీలన్నిటినీ కలిపే పెట్టె), కేబుళ్ళు నీ బ్యాగులో పెట్టుకెళ్ళు. ఇంతచేసినా కరెంటు పోయే అవకాశం ఉంది. ఇంటి ఇన్వర్టర్ పీసీలను మోయలేదు, ఫ్యాన్లు, రౌటర్ మాత్రం నడుస్తాయి. సరిగ్గా అప్పుడు అందరూ ఫోన్లు తీసి ఎవరి గోలలో వాళ్ళు పడిపోతారు.

సూపర్‌టక్స్‌కార్ట్ ముందే ల్యాప్‌టాపుల్లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో వేయించి ఉంచు. కార్టు రేసుల ఆట. 2019లో 1.0 వెర్షన్ నుంచి నెట్‌వర్క్‌లో ఆడటం వచ్చింది. ఇంటర్నెట్ అక్కర్లేదు, రౌటర్ ఒక్కటుంటే చాలు. అకౌంట్ అడగదు, పాత ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. మా దగ్గర కరెంటు లేని ఒక మధ్యాహ్నం ఇది మొదలైతే, వంటింట్లోంచి వచ్చిన అక్క కూడా ఫోన్ తీసుకుని రేసులో దిగింది, పెద్ద పెద్ద ర్యాంకులున్న కుర్రాళ్ళని దాటుకుపోయింది. కరెంటు వచ్చాక కూడా ఇంకో రేసు, ఇంకో రేసు అంటూ పీసీల దగ్గరికి ఎవరూ పోలేదు. అది ఓపెన్ సోర్స్ అని ఆ రోజు ఎవరూ అడగలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

మన హాస్టళ్ళలో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ మీద పెరిగినవాళ్ళు ఒకరిద్దరు ప్రతి గ్యాంగ్‌లోనూ ఉంటారు. వాళ్ళకి 0 ఏడీ అనే ఓపెన్ సోర్స్ ఆట చూపించు. మొదట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి మోడ్‌గా (ఉన్న ఆటకి చేర్పుగా) పుట్టి, తర్వాత సొంత ఇంజిన్‌తో విడి ఆటగా ఎదిగింది. మౌర్యులు కూడా ఉన్నారు, పనిచేసే ఏనుగులతో సహా. కొట్టిన కట్టెలు ఏనుగు దగ్గరే దింపవచ్చు, గోదాము దాకా మోయక్కర్లేదు. ఒక హెచ్చరిక: ఇందులో ఆట మొత్తాన్నీ అందరి సిస్టమ్‌లూ సమాంతరంగా లెక్కవేస్తాయి, ఎవరూ వెనకబడకూడదు. ఎనిమిది మందిలో ఒకడి సిస్టమ్ నెమ్మదిదైతే పెద్ద యుద్ధంలో అందరికీ నత్తనడకే. కాబట్టి నలుగురితో, సైన్యం పరిమితి తగ్గించి మొదలుపెట్టు.

గ్యాంగ్‌లో వాళ్ళ చెల్లెళ్ళు, తమ్ముళ్ళ కోసం లువాంటి అనే ఆటకి సర్వర్ పెడితే ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూడా నీకు మంచి పేరు వస్తుంది. 2024 అక్టోబరు దాకా దీని పేరు మైన్‌టెస్ట్. మైన్‌క్రాఫ్ట్ లాగా బ్లాకులతో కట్టుకునే ప్రపంచం, దాని సర్వర్ ఏ పాత ల్యాప్‌టాప్‌లోనైనా నడుస్తుంది. మా పిల్లలు అందులో ప్రకాశం బ్యారేజీ కట్టారు. ఒక బ్లాక్ ఒక మీటరు. బ్యారేజీ పొడవు 1223 మీటర్లు, గేట్లు 70. పొడవు తెలిసింది, గేట్ల లెక్క తెలిసింది, రెండు స్తంభాల మధ్య ఎన్ని బ్లాకులు వదలాలన్న దగ్గర గొడవ మొదలైంది. ఆ వారం ఇంట్లో భాగహారాలు చేయమని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తర్వాత ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మీట నొక్కితే గేట్లు లేవాలంది. దానికోసం లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో మోడ్ రాయడం నేర్చుకుంది. మొదట్లో ఒక్క గేటే లేచేది, మిగతా 69 అలాగే ఉండేవి. లూప్ అంటే ఏంటో ఆ పిల్లకి అక్కడే అర్థమైంది.

అలాంటి సర్వర్‌ని ఇంటి నుంచి బయటివాళ్ళకి అందివ్వాలంటే మాత్రం ఒక అడ్డంకి ఉంది. మన లోకల్ ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (బయటి నెట్‌లో కనబడే అడ్రస్) ఉండదు, పది ఇళ్ళకి కలిపి ఒకటే. రౌటర్‌లో వ్యాన్ (బయటి నెట్ వైపు) అడ్రస్ చూడు. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే నువ్వు లువాంటి వాడే పోర్ట్ 30000 ఎంత ఫార్వర్డ్ చేసినా బయటివాడు లోపలికి రాలేడు. ఐపీవీ6 (అడ్రస్‌ల కొరత లేని కొత్త పద్ధతి) ఇస్తున్నారేమో కనుక్కో, లేదా చిన్న అద్దె సర్వర్ (వీపీఎస్) తీసుకుని వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో ఇంటికి కలుపు. నెలకి అయ్యే ఖర్చు గ్యాంగ్ అంతా పంచుకుంటే ఎవరికీ భారం కాదు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకొకరికి కూడా ఇచ్చి ఉంచు. నువ్వు ఊళ్ళో లేనప్పుడు సర్వర్ పడిపోతే పిల్లలు నిన్నే తలుచుకుంటారు.

క్రాక్ చేసిన (కొనకుండా తాళం పగలగొట్టిన) ఆటల విషయంలో నేను గట్టిగానే చెప్తాను. గ్యాంగుల్లో పెన్‌డ్రైవ్‌ల మీద ఇవి తిరుగుతూనే ఉంటాయి, నిన్ను కూడా "నీకు కంప్యూటర్లు బాగా తెలుసుగా, ఇది ఇన్‌స్టాల్ చేసి పెట్టు" అంటారు. చేయకు. మన ఓపెన్ సోర్స్ లైసెన్స్ జీపీఎల్‌ని ఎవరైనా ఉల్లంఘిస్తే మనకి ఎంత కోపం వస్తుంది! వేరేవాళ్ళ లైసెన్స్‌కీ అదే మర్యాద ఇవ్వాలి. పైగా ఆ ఇన్‌స్టాలర్‌లో ఏ దొంగ ప్రోగ్రామ్ ఉందో ఎవరికి తెలుసు, బ్యాంకు ఓటీపీలు వచ్చే మెయిల్ కూడా ఆ సిస్టమ్‌లోనే తెరుస్తారు. ఊరికే కాదనకుండా బదులు చూపించు. కమాండ్ అండ్ కాంకర్ జనరల్స్ అంటే మన నెట్ సెంటర్ల కాలం వాళ్ళకి ప్రాణం కదా, దాని సోర్స్ కోడ్‌ని 2025 ఫిబ్రవరిలో ఈఏ కంపెనీ జీపీఎల్ కింద విడుదల చేసింది. అయితే విడుదలైంది కోడ్ మాత్రమే. బొమ్మలు, శబ్దాలు, మ్యాప్‌లు కావాలంటే ఆట కొనుక్కోవాల్సిందే. ఈ తేడా గ్యాంగ్‌లో అందరికీ తెలిసేలా చెయ్. 0 ఏడీ లాంటివాటిలో కోడ్‌తో పాటు బొమ్మలు కూడా స్వేచ్ఛా లైసెన్స్‌లోనే ఉంటాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇప్పుడు. ఏ గ్యాంగ్‌లోనైనా బొమ్మలు గీసేవాడు ఒకడు, బీట్లు కట్టేవాడు ఒకడు, కథలు చెప్పేవాడు ఒకడు ఉంటారు. కోడ్ రాసేవాడివి నువ్వున్నావు. ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్ 2014 నుంచి ఎంఐటీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌తో అందరికీ అందుబాటులో ఉంది, దాన్ని తీసుకుని ఒక చిన్న ఆట కలిసి చేయండి. పులి–మేక చేయండి. మూడు పులులు, పదిహేను మేకలు, గీతల మీద నడక. మీ ఊళ్ళో గుడి అరుగుల మీద ఎవరో ఎప్పుడో చెక్కిన ఆ పటం ఇప్పటికీ కనబడుతుంది చూడు. గోడో 4 వెర్షనే వాడు. దాంట్లో అక్షరాలను పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. అంతకుముందు గోడో 3లో తెలుగు రాస్తే ఒత్తులు కిందకి చేరేవి కావు. "అమ్మ" అని రాస్తే రెండో మ దాని పక్కనే నిలబడి "అమ్‌మ" అయ్యేది, "లక్ష్మి" అయితే మూడు ముక్కలు. ఇప్పుడు మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు పెట్టి మెనూ మొత్తం శుభ్రమైన తెలుగులో చూపించవచ్చు. ఆ ఫాంట్లు కూడా ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌లోనే ఉన్నాయి, ఆటలో కలిపి పంచుకోవచ్చు. కోడ్ రాని వాళ్ళకి అనువాదం ఉంది. లువాంటి లాంటి ప్రాజెక్టుల్లో వెబ్లేట్ అనే సైటులో బ్రౌజర్‌లోనే వాక్యాలు తెలుగు చేయవచ్చు. ఆట ఆడేవాడు చేసిన అనువాదానికీ, ఆడనివాడు చేసినదానికీ తేడా రెండు వాక్యాల్లో తెలిసిపోతుంది.

డబ్బు విషయం ఒక్క మాట. నువ్వు సర్వర్లు చూసుకుంటున్నావని తెలిశాక ఎవరో ఒకరు తలా వంద వేసి గెలిచినవాడికి ఇద్దామంటారు. ఆ పద్ధతి జోలికి పోకు. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు కాసి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని విడిగా గుర్తించింది. గెలిచినవాడికి అందరూ కలిసి బిర్యానీ తినిపించండి, చాలు.

ఇప్పుడు నువ్వు రాయాల్సినవి మూడు. గ్రాఫిక్స్ కార్డ్ ఏది, మదర్‌బోర్డులో సెక్యూర్ బూట్ ఇప్పుడు ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, రెండో ఎస్ఎస్‌డీకి స్లాట్ ఖాళీగా ఉందా. అవి చెప్తే విండోస్ ఏ వరసలో వేయాలో, ఎన్విడియా కీ ఎలా చేర్చాలో నీ సిస్టమ్‌కి తగ్గట్టు రాస్తాను. వచ్చే ఆదివారం కలిసేది ఎవరింట్లోనో మీ అన్నని అడిగి, ఆ ఇంట్లో ఎన్ని ప్లగ్ పాయింట్లున్నాయో కూడా కనుక్కో.